కొత్త పుస్తకం, పాత వీసా

పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే మన ఇళ్లలో అందరూ అనే మాట ఒకటే: "రెన్యువల్ చేయించాలి." బండి ఇన్సూరెన్స్‌కి రెన్యువల్ ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సుకీ ఉంటుంది, పాస్‌పోర్టుకీ అలాగే ఉంటుందని అనుకుంటాం. విదేశంలో ఉంటున్నవాళ్లకి వీసా దగ్గర వచ్చే చిక్కులు చాలావరకు ఈ మాట దగ్గరే మొదలవుతాయి. మన పాస్‌పోర్టుకి రెన్యువల్ అనేదే లేదు. పాస్‌పోర్టు సేవా దరఖాస్తులో కనిపించే మాట రీ-ఇష్యూ. ఉన్న పుస్తకానికి గడువు పొడిగించరు. దాన్ని రద్దు చేసి, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. పదేళ్లుగా ప్రతి ఫారంలో, ప్రతి టికెట్ మీద రాసి రాసి నోటికి వచ్చేసిన నంబరు ఒక్కరోజులో చెల్లకుండా పోతుంది. మనిషి మారలేదు, పేరు మారలేదు, పుట్టిన తేదీ మారలేదు. కానీ దుబాయ్‌లోనో లండన్‌లోనో ఉన్న ఇమ్మిగ్రేషన్ రికార్డుకి ఆ మనిషి పాత నంబరుతోనే తెలుసు. కొత్త నంబరు సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ చెప్పాల్సింది ఎవరు? పాస్‌పోర్టుల చట్టం 1967లో వచ్చింది. పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తిగానే ఉంటుందని అందులోని 17వ సెక్షన్ చెబుతుంది. మన బీరువాలో ఉన్నా, మన జేబులో ఉన్నా అది ప్రభుత్వానిదే. అందులో అతికించిన వీసా మాత్రం ఇంకో దేశ ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. విజయవాడ రీజనల్ పాస్‌పోర్టు ఆఫీసు కొత్త పుస్తకం ఇవ్వగలదు గానీ, పాతదాంట్లోని వీసాను కొత్తదాంట్లోకి ఎక్కించలేదు, ఆ అధికారం దానికి లేదు. వీసా ఇచ్చిన దేశానికేమో మన పాస్‌పోర్టు ఎప్పుడు రద్దయిందో, కొత్త నంబరు ఏమిటో తనంతట తాను తెలుసుకునే అవసరం లేదు. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకి ఉత్తరం రాయదు. రెండింటి మధ్యా తిరిగే మనిషే ఆ కబురు మోయాలి. వీసా ట్రాన్స్‌ఫర్ అని మనం పిలిచే పనిలో నిజానికి ఏ కాగితమూ ఇక్కడి నుంచి అక్కడికి మారదు. ఈ రెండు నంబర్లూ ఒకే మనిషివని ఆ దేశం చేత ఒప్పించి, రాయించుకోవడమే ఆ పని.

అందుకే, వీసా అక్కడ ఏ రూపంలో ఉందన్నది ముందు తెలుసుకోవాలి. కొన్ని దేశాలు ఇప్పటికీ పాస్‌పోర్టు పేజీ మీద స్టిక్కర్ అతికిస్తాయి. కొన్ని దేశాల్లో స్టిక్కర్ పోయి కార్డు వచ్చింది. ఇంకొన్ని దేశాల్లో కార్డు కూడా పోయి, కంప్యూటర్‌లో రికార్డు మాత్రమే మిగిలింది. పాస్‌పోర్టు మారినప్పుడు ఈ మూడింటిలో ఒక్కొక్కదానితో వ్యవహారం ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో ఉన్న బావమరిది "ఏమీ చేయక్కర్లేదు, రెండూ పట్టుకుని రా" అంటాడు. అతని వరకు అది నిజమే. అదే మాట నమ్మి బ్రిటన్‌లో ఉన్న అమ్మాయి ఊరుకుంటే తిరుగు ప్రయాణంలో ఇబ్బంది పడుతుంది.

స్టిక్కర్ వ్యవహారం మన ప్రాంతంలో ఎక్కువ ఇళ్లకు తెలిసినదే. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు విజయవాడలో, గుంటూరులో వీధికి నలుగురు ఉంటారు. వాళ్లకి వచ్చే విజిటర్ వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. పాస్‌పోర్టూ పదేళ్లదే అయినా రెండూ ఒకేరోజు మొదలవ్వవు. పాస్‌పోర్టు తీసుకున్న ఆరేళ్లకు వీసా వచ్చిందనుకుంటే, పాస్‌పోర్టు గడువు అయిపోయాక కూడా వీసాకి ఆరేళ్లు మిగిలి ఉంటాయి. అమెరికా ఆ వీసాను కొత్త పుస్తకంలోకి మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదంటుంది. రద్దయిన పాస్‌పోర్టులో ఉన్నా వీసా గడువు తీరేదాకా చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టులూ ఒకే దేశానివి, ఒకే రకానివి అయి ఉండాలి. వీసా పేజీ చెడిపోకూడదు. ప్రయాణంలో రెండూ వెంట ఉండాలి. పాతదాంట్లోంచి స్టిక్కర్ పీకి కొత్తదాంట్లో అతికిస్తే మాత్రం ఆ వీసా అక్కడితో చచ్చినట్టే. రెండు పుస్తకాలనూ కలిపి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టుకునే పెద్దవాళ్ల పద్ధతి ఉందే, అదే సరైన పద్ధతి.

ఈ ఏర్పాటు చూడ్డానికి తేలిగ్గా ఉంది కాబట్టే అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఒకచోట దెబ్బతింటారు. అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా కాదు, ఐ-94 అనే ప్రవేశ రికార్డు. విమానం దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారి ఆ తేదీ నిర్ణయిస్తాడు. హెచ్-1బి ఆమోదం ఇంకో రెండేళ్లకు పైగా ఉన్నా, చేతిలో ఉన్న పాస్‌పోర్టు గడువు ఏడాదిలో తీరిపోతుంటే, ఆ ఐ-94ను పాస్‌పోర్టు గడువుకి సరిపెట్టి కత్తిరించే అవకాశం ఉంది. విజయవాడలో సంక్రాంతి చేసుకుని తిరిగి వెళ్లిన ఉద్యోగికి ఇలా జరిగిందనుకుందాం. అతను ఆ తేదీ చూసుకోడు. కొన్ని నెలలకు అక్కడి భారత కాన్సులేట్ ద్వారా బుద్ధిగా కొత్త పాస్‌పోర్టు తెచ్చుకుంటాడు. పని అయిపోయిందనుకుంటాడు. కానీ కొత్త పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఐ-94 తేదీ జరగదు. ఆ పాత తేదీ దాటిన మర్నాటి నుంచి, చేతిలో చెల్లే పాస్‌పోర్టు, చెల్లే హెచ్-1బి ఆమోదం రెండూ ఉండి కూడా, అతను గడువు మీరి ఉంటున్నవాడి కిందే లెక్క. దీనికి ఉన్న దారులు రెండు. ఆ తేదీలోపు దేశం దాటి, కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ ప్రవేశించి కొత్త ఐ-94 తీసుకోవాలి. లేదా కంపెనీ చేత ఆ తేదీలోపే పొడిగింపు దరఖాస్తు పెట్టించాలి. అమెరికా చేరిన రోజే ఫోన్‌లో ఐ-94 తెరిచి తేదీ చూసుకుంటే ఇంత టెన్షన్ ఉండదు. చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. చూసుకోకపోతే ఏళ్ల తరబడి కట్టుకున్న ఉద్యోగం చిక్కులో పడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్ల నివాస హక్కు పాస్‌పోర్టు నంబరు మీద ఆధారపడదు.

కెనడాలోనూ పాత పాస్‌పోర్టులో గడువున్న వీసా ఉంటే రెండూ పట్టుకుని ప్రయాణించవచ్చు. కాకపోతే అక్కడ స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు. పది నెలల గడువున్న పాస్‌పోర్టుతో రెండేళ్ల కోర్సుకి వెళ్లే విద్యార్థికి పది నెలల పర్మిటే వస్తుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీలకు ఫీజు కట్టే ముందే పాస్‌పోర్టు గడువు చూసుకోవాల్సింది ఇందుకే. గడువుకి ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకి దరఖాస్తు చేసుకోవచ్చు. మిగిలిన నెలలు కొత్తదాంట్లో కలవవు. అయినా పర్మిట్ తగ్గిపోవడం కంటే ఆ నెలలు వదులుకోవడమే నయం.

గల్ఫ్ సంగతి వేరు. అక్కడ ఒకప్పుడు నివాస వీసా అంటే పాస్‌పోర్టులో పేజీ నిండా అతికించిన స్టిక్కరే. మనవాళ్లు దాన్నే అఖామా కొట్టారు అనేవారు. పాస్‌పోర్టు మారితే ఆ స్టిక్కర్ కొత్త పుస్తకంలో మళ్లీ వేయించుకోవాలి, లేదా రెండు పుస్తకాలూ మోయాలి. ఆ స్టిక్కర్లు ఒక్కొక్కటిగా పోయాయి. ఖతార్ 2015లో ఆపేసింది, కువైట్ 2019 మార్చిలో, యూఏఈ 2022 ఏప్రిల్‌లో. ఇప్పుడు కువైట్‌లో సివిల్ ఐడీ, యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ, ఖతార్‌లో రెసిడెన్సీ కార్డు నివాసానికి రుజువు. స్టిక్కర్ పోయింది కాబట్టి పాస్‌పోర్టుతో సంబంధం తెగిపోయిందని చాలామంది అనుకున్నారు. జరిగింది దానికి తలకిందులు. స్టిక్కర్ ఉన్నప్పుడు పాత పుస్తకం తెరిచి చూపిస్తే ఎవరికైనా కళ్లకు కనిపించేది. ఇప్పుడు కార్డు వెనకాల ఉన్న రికార్డులో ఏ నంబరు ఉంటే అదే లెక్క. కువైట్ స్టిక్కర్ ఆపిన కొత్తలో సివిల్ ఐడీ మీది పేరుకీ పాస్‌పోర్టులోని పేరుకీ అక్షరాలు తేడా వచ్చి ఇబ్బంది పడ్డవాళ్లున్నారు. కళ్లకు కనపడే ముద్ర పోయేసరికి, ఎవరూ పట్టించుకోని అక్షరాలకు ఒక్కసారిగా విలువ వచ్చింది.

సౌదీలో ఈ పనికి ఒక పేరుంది: నఖల్ మాలూమాత్. అరబ్బీలో సమాచారం మార్చడం అని అర్థం. అక్కడ పదేళ్లున్న తెలుగువాళ్లకి ఈ మాట తెలుగు మాటంత అలవాటైపోయింది. పాత పాస్‌పోర్టు మీదున్న వివరాలను ఇఖామా (మనవాళ్ల అఖామా, అంటే నివాస అనుమతి) రికార్డులో కొత్త నంబరు కిందకి మార్చడమే అది. భార్యాపిల్లలు వెంట ఉంటే వాళ్ల వివరాలు ఇంటిపెద్ద తన అబ్షర్ (సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ) ఖాతాలోంచి మార్చుకుంటాడు. కార్మికుడి వివరాలు యజమాని వైపు నుంచి మారాలి. కష్టమంతా ఇక్కడే ఉంది. పాస్‌పోర్టు కార్మికుడిది, దాని ఫీజు కట్టింది కార్మికుడు, ఎంబసీ సెంటర్ దగ్గర ఎండలో నిలబడింది కార్మికుడు, కానీ నంబరు మార్చే బటన్ మాత్రం కఫీల్, అంటే యజమాని, చేతిలో ఉంటుంది. మంచి కంపెనీ అయితే ఒక్కరోజు పని. కఫీల్ పట్టించుకోకపోతే, ఆ మనిషి కొత్త పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని నెలల తరబడి ఊరికి రాలేక కూర్చుంటాడు. సెలవు మీద వచ్చి వెళ్లడానికి కావాల్సిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కూడా ఆ రికార్డు మీదే వస్తుంది మరి. పాస్‌పోర్టునే యజమాని దగ్గర పెట్టుకునే చోట ఇది ఇంకా కష్టం. అలా పెట్టుకోవడం చాలా గల్ఫ్ దేశాల్లో చట్టం ఒప్పుకోని పని, అయినా జరుగుతోంది. రీ-ఇష్యూ దరఖాస్తుకి పాత పాస్‌పోర్టు అసలు కాపీ కావాలి. అది అడిగి తీసుకోవడం దగ్గరే సగం మంది ఆగిపోతారు.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి కూడా ఈ సందర్భంలోనే చక్కబెట్టుకునే వీలుంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. వాళ్లు ఉద్యోగానికి గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. మొత్తం మూడేళ్లకు మించి విదేశంలో ఉన్నవాళ్లకి ఆ ముద్ర అక్కర్లేదు. ఆ మూడేళ్లు ఏకధాటిగా ఉండాలని కూడా లేదు, విడతలుగా ఉన్నా లెక్కకొస్తుంది. తెనాలి దగ్గరి పల్లె నుంచి వెళ్లి పన్నెండేళ్లుగా కువైట్‌లో డ్రైవింగ్ చేస్తున్న మనిషి కొత్త పాస్‌పోర్టు కూడా ఈసీఆర్ ముద్రతోనే తీసుకోవాల్సిన పనిలేదు. దరఖాస్తులో నాన్-ఈసీఆర్ అడిగి, విదేశంలో అన్నేళ్లు ఉన్నట్టు రుజువులు పెట్టుకుంటే సరిపోతుంది. ఏజెంటు ఈ మాట చెప్పడు. అడిగేవాడు లేకపోతే పాత వివరాలే మళ్లీ ఎక్కిపోతాయి.

మూడో రకం, పూర్తిగా రికార్డుగా మారిన వీసా. ఆస్ట్రేలియాలో వీసా పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి కంప్యూటర్‌లోనే ఉంటుంది. కొత్త పాస్‌పోర్టు రాగానే ఇమ్మీఅకౌంట్ అనే ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్లి నంబరు మార్చుకోవాలి. ఫీజు లేదు. బ్రిటన్‌లో 2024 చివరిదాకా బీఆర్‌పీ అనే ప్లాస్టిక్ కార్డు ఉండేది. ఆ కార్డుల గడువును 2024 డిసెంబరు 31తో ముగించి, అందరినీ ఈ-వీసాకి మారమన్నారు. కార్డు చేతిలో ఉన్నన్నాళ్లూ పాస్‌పోర్టు మారినా, కార్డు చూపించి విమానం ఎక్కిన నర్సులు, విద్యార్థులు ఎంతోమంది. ఈ-వీసాలో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. ప్రయాణించే పాస్‌పోర్టు నంబరు యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) ఖాతాలో ఉంటేనే విమాన సంస్థకి ఆ మనిషికి అనుమతి ఉందని కనిపిస్తుంది. మార్చుకోవడం ఉచితమే. మార్పు వెంటనే పడకపోవచ్చు, కాబట్టి ప్రయాణానికి ముందురోజు రాత్రి కూర్చుని చేసే పని కాదు. జర్మనీలో దారి ఇంకోలా ఉంటుంది. అక్కడ నివాస అనుమతిని కొత్త పాస్‌పోర్టుకి మార్చి కొత్త కార్డు తీసుకోవాలి. ఊళ్లోని విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకడమే అక్కడ పెద్ద పని.

ఇన్ని రకాలున్నా మనిషి ఆగిపోయే చోటు మాత్రం ఎక్కువగా ఒకటే. అది ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ కౌంటర్ కాదు, ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్. గన్నవరంలో షార్జా విమానానికైనా, శంషాబాద్‌లో లండన్ విమానానికైనా, బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగి ముందు చూసేది ప్రయాణికుడిని అక్కడ లోపలికి రానిస్తారా అన్నది. రానివ్వకపోతే అతన్ని వెనక్కి తీసుకురావాల్సింది విమాన సంస్థే. చాలా దేశాల్లో జరిమానా కూడా కట్టాలి. అందుకే ఆ ఉద్యోగి తన సొంత తెలివి మీద ఆధారపడడు. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నడిపే టిమాటిక్ అనే నిబంధనల డేటాబేస్ ఏం చెబితే అదే చేస్తాడు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తుల్లాంటివి మధ్యమధ్యలో పెట్టి అచ్చేసిన అక్షరాలు ఉంటాయి కదా, యంత్రం చదివేది వాటినే. ఒక్కో వరుసలో 44 గళ్లు. రెండో వరుస మొదట్లోనే పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. దానికి 9 గళ్లు కేటాయించారు. మన నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి ఎనిమిదే కాబట్టి తొమ్మిదో గడిలో ఒక బాణం గుర్తు పడుతుంది. దాని తర్వాత నంబరు సరిగ్గా చదివిందో లేదో సరిచూసుకునే అంకె ఒకటి. యంత్రం ఆ నంబరు పట్టుకుని వెతుకుతుంది. రికార్డులో పాత నంబరే ఉంటే దానికి ఏమీ దొరకదు. తెల్లవారుజామున మూడింటికి, వెనకాల వందమంది లైన్లో ఉండగా, "పాతదాంట్లో ఉందండీ, మనిషిని నేనే కదా" అంటే ఆ ఉద్యోగి చేయగలిగింది తక్కువ. అతని తప్పు కూడా కాదది.

నంబరు ఒక్కటే మారితే ఎంతో కొంత దారి ఉంటుంది. పేరు కూడా మారితే ముడి రెండు చోట్ల తెగుతుంది. తెలుగువాళ్లకి ఈ ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. మన పేర్ల తీరే కారణం. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్టు పద్ధతిలో సర్‌నేమ్ ఒక గడి, గివెన్ నేమ్ ఒక గడి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో చివరికి వెళుతుంది. పాతరోజుల్లో పాస్‌పోర్టు తీసుకున్న చాలామందికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉండిపోయింది, మొత్తం పేరు ఒకే గడిలో పడింది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇస్తే ఆ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో, పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో అదే పేరుగా కొనసాగుతుంది. ఈ అవస్థ భరించలేక, గడువు తీరినప్పుడు రీ-ఇష్యూలో ఇంటిపేరు విడగొట్టి సరిచేయించుకుంటారు. సరిచేయించుకోవడం మంచిదే. పైగా యూఏఈ 2022 నవంబరులో ఒంటిపేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో వచ్చేవాళ్లపై ఆంక్షలు పెట్టింది. కానీ సరిచేసిన రోజున పాత వీసా మీద ఒక పేరు, కొత్త పాస్‌పోర్టు మీద ఇంకో పేరు, వెనకాల రికార్డులో మూడో తీరు. నంబర్లు రెండూ ఒక్కరివేనని నమ్మించాలంటే మధ్యలో నిలబడేది పేరూ పుట్టిన తేదీలే. ఆ పేరే కదిలిపోతే నమ్మించడానికి ఇంకేం మిగులుతుంది?

పెళ్లయిన ఆడపిల్లల విషయం కూడా ఇంతే. మనవైపు పెళ్లితో ఇంటిపేరు మారడం ఆచారం, చట్టం కాదు. పుట్టింటి పేరుతో అమెరికాలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, పెళ్లికి గుంటూరు వచ్చినప్పుడు ఎలాగూ గడువు దగ్గరపడిందని అత్తింటి పేరుతో పాస్‌పోర్టు మార్చుకుంటే, డిగ్రీలు, పిటిషన్లు, వీసా అన్నీ పాత పేరు మీదే ఉండిపోతాయి. పేరు మారినప్పుడు కొత్త వీసాకి దరఖాస్తు చేసుకోవడమే మంచిదని అమెరికా విదేశాంగ శాఖ చెబుతుంది. వీసా చేతిలో ఉండగా పేరు జోలికి వెళ్లకపోవడం క్షేమం. మార్చాలనుకుంటే వీసా కూడా ముగింపుకి వచ్చిన సమయం చూసుకుని రెండూ కలిపి మార్చుకోవాలి. ఈ మాట పెళ్లి పెద్దలకు ముందే తెలిస్తే బాగుంటుంది.

ఇక ఎక్కడ చేయించుకోవాలి, అక్కడా ఇక్కడా అన్నది. నెల సెలవు మీద వచ్చినవాళ్లు విజయవాడలో తత్కాల్ పెట్టుకుని పని ముగించుకోవాలని చూస్తారు. మామూలుగా 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. తత్కాల్ అయితే పైన ఇంకో 2,000. విదేశంలో కట్టేదానితో పోలిస్తే తక్కువే, వేగమూ ఎక్కువే. కానీ పుస్తకం ఇక్కడ త్వరగా వస్తుంది, ముడి అక్కడ పడాలి. కొత్త నంబరుని అక్కడి రికార్డులో ఇక్కడ కూర్చుని మార్చుకోగలిగే ఆస్ట్రేలియా, బ్రిటన్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకి సెలవులో చేసుకున్నా ఇబ్బంది లేదు, తిరుగు ప్రయాణానికి మూడు నాలుగు వారాల గడువు ఉంచుకుంటే చాలు. యజమాని చేతులమీదుగా జరగాల్సిన చోట్ల, కొత్త కార్డు తీసుకోవాల్సిన చోట్ల మాత్రం ఉంటున్న దేశంలోనే భారత ఎంబసీ ద్వారా చేయించుకుని, అక్కడే రికార్డు మార్పించుకుని, ఆ తర్వాతే విమానం ఎక్కడం మేలు. అక్కడ దరఖాస్తు పెట్టినా పోలీసు వెరిఫికేషన్ ఇక్కడి చిరునామాకి రావచ్చు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటికి స్టేషన్ నుంచి ఫోన్ వస్తే అమ్మానాన్న కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లి, పాత చిరునామానే దరఖాస్తులో రాసినవాళ్ల ఫైళ్లు ఇక్కడే నిలిచిపోతుంటాయి.

విజయవాడలో చేయించుకునేవాళ్లు కౌంటర్ దగ్గర చూసుకోవాల్సినవి రెండున్నాయి. పాత పాస్‌పోర్టు మీద క్యాన్సిల్డ్ ముద్ర వేసి, అట్ట మూల కత్తిరించి తిరిగి ఇస్తారు. అందులో గడువున్న వీసా ఉందని, ఫలానా పేజీలో ఉందని ముద్ర వేయకముందే చెప్పాలి. వీసా పేజీ మీద ముద్ర పడినా, కత్తెర పడినా తర్వాత ఎవరికి చెప్పుకున్నా ఉపయోగం ఉండదు. రెండోది, కొత్త పుస్తకం ఇంటికి వచ్చాక కవరు చింపి ముందు ఫొటో చూసుకుంటాం, అది సహజం. కానీ చూడాల్సింది చివరి పేజీ. తల్లిదండ్రుల పేర్లు, చిరునామాతో పాటు పాత పాస్‌పోర్టు నంబరు, అది జారీ అయిన తేదీ, ఊరు ఇన్నాళ్లుగా అచ్చవుతూ వచ్చింది అక్కడే. పాత పుస్తకానికీ కొత్త పుస్తకానికీ బంధుత్వం ఉందని భారత ప్రభుత్వం రాసిచ్చే వరుస అదొక్కటే. అందులో ఒక్క అంకె తప్పు పడితే దాన్ని సరిచేయించుకున్నాకే వేరే పని.

ఆ పేజీ విలువ 2018 జనవరిలో తెలిసొచ్చింది. చివరి పేజీ అచ్చు వేయడం ఆపేస్తామని, ఈసీఆర్ ఉన్నవాళ్లకి నారింజ రంగు అట్ట ఇస్తామని విదేశాంగ శాఖ ఆ నెలలో ప్రకటించింది. చదువుకోనివాళ్లని అట్ట రంగుతోనే వేరు చేసి చూపించడమేమిటని అప్పట్లో గట్టి వ్యతిరేకత వచ్చింది. అదే నెల 30న రెండు నిర్ణయాలూ వెనక్కి తీసుకున్నారు. గొడవంతా రంగు గురించే నడిచింది గానీ, చివరి పేజీ పోయి ఉంటే రెండు పాస్‌పోర్టులు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లకే ఎక్కువ నష్టం జరిగేది. ఇప్పుడు చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు వస్తున్నాయి. ఆ చిప్‌లో ఉండేది ఈ పుస్తకం వివరాలే. వేరే దేశం ఇచ్చిన వీసా అందులోకి రాదు.

పాత పాస్‌పోర్టు పోగొట్టుకుంటే ఈ కథంతా తారుమారవుతుంది. దొంగతనం అయినా, రైల్లో మర్చిపోయినా, పోలీసు ఫిర్యాదు పెట్టి, 36 పేజీలదానికి 3,000 రూపాయలు కట్టి కొత్తది తెచ్చుకోవచ్చు. అందులోని స్టిక్కర్ వీసా మాత్రం పోయినట్టే. అమెరికా పోయిన వీసాకి నకలు ఇవ్వదు, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు. అందుకే గడువు తీరిన పాస్‌పోర్టుని ఇక పనికిరానిదిగా చూడకూడదు. వీసా గడువున్నంతకాలం కొత్తదాని కంటే దాన్నే భద్రంగా దాచాలి. పోతే కొత్త పాస్‌పోర్టు మళ్లీ ఇస్తారు, పాతది మళ్లీ ఎవరూ ఇవ్వలేరు.

విదేశంలో కాపురం ఉన్న కుటుంబాల్లో ఈ సమస్య మొదట తగిలేది పిల్లలకే. మైనర్ల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లకే ఇస్తారు. తల్లిదండ్రులకు ఇంకా కొన్నేళ్ల గడువు ఉండగానే పిల్లాడిది అయిపోతుంది. అందరి వీసాలూ ఒక్కసారే వచ్చాయి కాబట్టి గడువులూ ఒక్కటేనని అనుకుంటారు. సెలవులకు ఊరొచ్చి, తిరిగి వెళ్లే వారంలో చూసుకుంటే తెలుస్తుంది, నలుగురిలో ఒక్కడు ఆగిపోయాడని.

ఇంత దూరం వచ్చాక మన దేశం వైపు కూడా ఒకసారి చూడాలి. అమెరికా పౌరసత్వం ఉన్న మన పిల్లలకు, మనవలకు భారత ప్రభుత్వం ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఇస్తుంది. ఆ కార్డు మీద అమెరికా పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. పాస్‌పోర్టు మారినప్పుడల్లా పాతదీ కొత్తదీ రెండూ తేవాలని ఏళ్ల తరబడి నిబంధన ఉండేది. చంటిపిల్లల పాత పాస్‌పోర్టు మర్చిపోయి అక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఆగిపోయిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. 2021లో భారత ప్రభుత్వం దీన్ని సరిచేసింది. పాత పాస్‌పోర్టు వెంట తేవాల్సిన పని లేదంది. 20 ఏళ్ల లోపు ఓసీఐ తీసుకున్నవాళ్లు 20 నిండాక వచ్చే కొత్త పాస్‌పోర్టుకి ఒక్కసారి కార్డు మార్చుకుంటే చాలంది. 20 ఏళ్ల లోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 దాటాక ఒక్కసారి, మూడు నెలల్లోపు కొత్త పాస్‌పోర్టు కాపీని ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే సరిపోతుంది, దానికి ఫీజు కూడా లేదు. కార్డు మీది నంబరు పాతదే ఉంటుంది, వెనకాల రికార్డులో కొత్తది చేరుతుంది. ముడి వేసే పని ఇంత తేలిగ్గా కూడా చేయొచ్చని దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు శంషాబాద్‌లో అమెరికా ప్రయాణానికి లైన్లో నిలబడిన ఒక కుటుంబాన్ని చూస్తే, మనవడి చేతిలో ఒకే నీలం పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంటాయి. పక్కనే గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ చేతి సంచిలో రెండు పాస్‌పోర్టులు, వాటికి రబ్బరు బ్యాండు.